జో జావినుల్ స్వరరచన: 'ఇన్ ఎ సైలెంట్ వే' పాఠభేదాలు - కర్తృత్వ పరిశీలన

వ్యాస సంగ్రహం:

1960ల చివరలో జాజ్ సంగీతం విద్యుద్వాద్యాలను, రాక్, సోల్ సంగీతాల లయలను తనలో కలుపుకొని 'జాజ్ ఫ్యూజన్' అనే కొత్త శాఖగా రూపొందింది. ఈ పరిణామానికి కారకులైనవారిలో ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పియానో వాదకుడు, స్వరకర్త జో జావినుల్ (1932-2007) ప్రముఖులు. ఆయన రచించిన 'ఇన్ ఎ సైలెంట్ వే'ను 1969లో మైల్స్ డేవిస్ మార్చి రికార్డు చేశారు. 1971లో జావినుల్ తన సొంత పాఠాన్ని వెలువరించారు. ఈ రెండు పాఠాలను పోల్చి, వాటి వెలుగులో జావినుల్ కళాజీవితాన్ని, ప్రభావాన్ని పరిశీలించి, ఫ్యూజన్ సంగీతంలో కర్తృత్వాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జాజ్ ఫ్యూజన్, జో జావినుల్, మైల్స్ డేవిస్, వెదర్ రిపోర్ట్, పాఠభేదం, కర్తృత్వం, మనోధర్మం.

1. ఉపోద్ఘాతం:

ఒక కృతికి అసలు పాఠం ఏది, దానికి కర్త ఎవరు అనే ప్రశ్నలు తెలుగు పరిశోధకులకు కొత్తవి కావు. తాళపత్ర ప్రతులను పోల్చి, ప్రక్షిప్తాలను వేరుచేసి, కవి రాసినదానికి దగ్గరగా ఉన్న పాఠాన్ని నిర్ణయించడం మన గ్రంథపరిష్కర్తలు తరతరాలుగా చేసిన పని. సంగీతంలోనూ ఇటువంటి సమస్య ఉంది. త్యాగరాజస్వామి కీర్తనలు వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో వేర్వేరు పాఠాంతరాలతో నిలిచాయి. అయితే ఇక్కడ భేదాలు చాలావరకు కాలం గడిచేకొద్దీ, ఒకరి నుంచి మరొకరికి అందే క్రమంలో ఏర్పడినవి. కర్త వాటిని చూడలేదు, వాటికి సమాధానం చెప్పలేదు.

జావినుల్ విషయంలో పరిస్థితి భిన్నమైనది. ఆయన రచనలోని ముఖ్యభాగాన్ని బృందనాయకుడు తొలగించినప్పుడు ఆయన అదే గదిలో, వాద్యం ముందు కూర్చొని ఉన్నారు. మారిన పాఠమే లోకప్రసిద్ధమైంది. కర్త దానితో తృప్తిపడక మరొక పాఠాన్ని ముందుకు తెచ్చారు. ఈ రెండింటిలో ప్రామాణిక పాఠం ఏది? ఫ్యూజన్ చరిత్రను ఎవరి పేరుతో మొదలుపెట్టాలన్నది ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానంపై కొంతమేరకు ఆధారపడి ఉంటుంది.

చర్చకు ముందు ఒక విషయాన్ని స్పష్టం చేయాలి. జాజ్‌లో రచన అంటే సాధారణంగా రెండు అంశాల కలయిక. మొదటిది ప్రధాన స్వరధార. రెండవది దాని కింద వరుసగా మారుతూ సాగే కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరసమ్మేళనాలు. ప్రధాన స్వరధారను ఒకసారి వినిపించిన తరువాత వాదకులు ఆ కార్డుల వరుసనే ఆధారంగా చేసుకొని మనోధర్మంతో వాయిస్తారు. కాబట్టి కార్డులను తీసివేయడమంటే అలంకారాన్ని తగ్గించడం కాదు, రచన నిలిచిన నేలను మార్చడం.

2. వియన్నా నుంచి న్యూయార్క్ వరకు:

జోసెఫ్ ఎరిక్ జావినుల్ 1932 జూలై 7న వియన్నాలో శ్రామిక కుటుంబంలో జన్మించారు. ఆయన తొలి వాద్యం అకార్డియన్. బాల్యంలోనే వియన్నా సంగీత విద్యాలయంలో శాస్త్రీయ శిక్షణ పొందారు. బిలియర్డ్స్ బల్లపై పరిచే గుడ్డ ముక్కను అకార్డియన్‌లో అతికించి దాని నాదాన్ని మార్చిన సంగతిని ఆయన తరువాతి కాలంలో ఇష్టంగా చెప్పేవారు. స్వరంతోపాటు నాదాన్ని కూడా తానే తయారుచేసుకోవాలనే కోరిక ఆయనలో సింథసైజర్ రావడానికి చాలా ముందే ఉందని దీనివల్ల తెలుస్తుంది.

1959లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత విద్యాలయం ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన అమెరికా చేరారు. కొద్ది వారాల్లోనే చదువు వదిలి మేనార్డ్ ఫెర్గూసన్ బృందంలో చేరారు. ఆ బృందంలోనే శాక్సోఫోన్ వాదకుడు వేన్ షార్టర్‌తో పరిచయమైంది. తరువాత గాయని డైనా వాషింగ్టన్‌కు పియానో సహకారం అందించారు. 1961లో కానన్‌బాల్ ఆడర్లీ బృందంలో చేరి దాదాపు తొమ్మిదేళ్లు కొనసాగారు. దక్షిణాది రాష్ట్రాల్లో జాతివివక్ష చట్టబద్ధంగా అమలవుతున్న కాలంలో ఒక తెల్లజాతి ఐరోపా యువకుడు నల్లజాతి కళాకారుల బృందంతో కలిసి పర్యటించడం సామాన్యమైన విషయం కాదు. సోల్, గాస్పెల్ సంగీతాల నుడికారం ఆయనకు పుస్తకాల నుంచి కాక ఈ సహజీవనం నుంచి లభించింది.

ఆడర్లీ బృందం కోసం ఆయన రచించిన 'మెర్సీ, మెర్సీ, మెర్సీ' ఇందుకు నిదర్శనం. 1966 అక్టోబరులో రికార్డయిన ఈ రచనలో జావినుల్ వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో వాయించారు. 1967లో ఇది బిల్‌బోర్డ్ ప్రధాన పట్టికలో 11వ స్థానానికి చేరింది. అదే ఏడాది బకింగ్‌హామ్స్ బృందం పాటగా పాడిన రూపం 5వ స్థానానికి చేరింది. జాజ్ వాద్యరచనకు ఇంత ప్రజాదరణ దక్కడం అరుదు. ఆల్బమ్ అట్టపై ఇది షికాగోలోని ఒక క్లబ్బులో జరిగిన కచేరీగా ముద్రించారు. నిజానికి హాలీవుడ్‌లోని క్యాపిటల్ స్టూడియోకు శ్రోతలను ఆహ్వానించి రికార్డు చేశారు. రికార్డును ఆధారంగా తీసుకొనే పరిశోధకుడు అట్టమీది మాటను కూడా పరీక్షించవలసిందేనని ఈ ఉదాహరణ హెచ్చరిస్తుంది.

3. మైల్స్ డేవిస్ పాఠం:

1969 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లోని కొలంబియా సంస్థ స్టూడియోలో మైల్స్ డేవిస్ తన బృందాన్ని సమావేశపరిచారు. హెర్బీ హ్యాంకాక్, చిక్ కొరియా, జావినుల్ - ముగ్గురు కీబోర్డు వాదకులు ఒకేసారి పాల్గొన్నారు. వేన్ షార్టర్ సొప్రానో శాక్సోఫోన్, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, డేవ్ హాలండ్ బేస్, టోనీ విలియమ్స్ డ్రమ్స్ వాయించారు. ఆ రోజు ఉదయమే మైల్స్ ఫోన్ చేసి, వస్తూ ఏదైనా రచన తెమ్మన్నారని జావినుల్ చెప్పారు. ఆయన తెచ్చినది 'ఇన్ ఎ సైలెంట్ వే'. ఆస్ట్రియాలో పశువులను మేపిన తన బాల్యస్మృతులకు అది ప్రతిరూపమని తరువాత వచ్చిన ఆల్బమ్ అట్టపై పేర్కొన్నారు.

ముందుగా బృందం దానిని మూలంలోని కార్డులతో, లయబద్ధంగా వాయించి చూసింది. ఆ అభ్యాసపాఠం 2001లో వెలువడిన సంపూర్ణ సంపుటిలో లభిస్తున్నది. ఆ తరువాత మైల్స్ కార్డులలో అధికభాగాన్ని తొలగించి, రచన మొత్తాన్ని ఒకే ఆధారస్వరంపై నిలిపారు. మన కచేరీలో తంబురా శ్రుతిపై ఆలాపన సాగినట్లు, కదలని ఆధారంపై స్వరధార ఒక్కటే మెల్లగా కదులుతుంది. ప్రధాన స్వరధారను మొదట గిటార్, తరువాత సొప్రానో శాక్సోఫోన్, ఆపై ట్రంపెట్ వినిపిస్తాయి. డ్రమ్స్ మౌనంగా ఉంటాయి. గిటార్ వాయించడం తెలియనివాడిలా వాయించమని మైల్స్ తనకు సూచించినట్లు మెక్‌లాఫ్లిన్ చెప్పారు.

మార్పు స్టూడియోతో ముగియలేదు. నిర్మాత టియో మసేరో టేపును కత్తిరించి, నాలుగు నిమిషాలకు పైగా సాగే ఈ భాగాన్ని మైల్స్ రచన 'ఇట్స్ ఎబౌట్ దట్ టైమ్'కు ముందు ఉంచి, అదే భాగానికి నకలు తీసి చివర కూడా అతికించారు. చివర వినిపించేది మళ్లీ వాయించినది కాదు, మొదటి వాదనమే. ఈ విధంగా జావినుల్ రచన ఒక స్వతంత్ర చిత్రంగా కాక, మరొకరి రచనకు ప్రవేశికగా, భరతవాక్యంగా మారింది. అదే సమయంలో ఆల్బమ్ మొత్తానికి తన పేరును ఇచ్చింది. రికార్డుపై ఈ భాగానికి కర్తగా జావినుల్ పేరే ఉంది. కానీ శ్రోతలు వినే పాఠాన్ని తీర్చడంలో స్వరకర్త, బృందనాయకుడు, నిర్మాత ముగ్గురికీ భాగం ఉంది.

అదే ఏడాది ఆగస్టులో రికార్డయి 1970లో వచ్చిన 'బిచెస్ బ్రూ' ఆల్బమ్ ప్రారంభంలో ఉన్న 'ఫారోస్ డాన్స్' కూడా జావినుల్ రచనే. ఇరవై నిమిషాల ఆ వాదనం కూడా టేపు కోతలు, అతుకులతో రూపొందినదే. ఫ్యూజన్‌కు పునాదిగా చరిత్రకారులు చెప్పే రెండు ఆల్బమ్‌లలోనూ జావినుల్ రచనలకు ప్రధాన స్థానం ఉన్నా, సాధారణ చరిత్రల్లో ఆ ఘనత చాలావరకు మైల్స్ ఖాతాలోకే చేరింది.

4. స్వరకర్త పాఠం:

కార్డులను తొలగించడం తనకు నచ్చలేదని జావినుల్ పలు సందర్భాల్లో చెప్పారు. 1970లో రికార్డు చేసి 1971లో అట్లాంటిక్ సంస్థ ద్వారా వెలువరించిన 'జావినుల్' ఆల్బమ్‌లో ఆయన తన కార్డులతో కూడిన పాఠాన్ని వినిపించారు. ఇందులో జావినుల్, హ్యాంకాక్ ఇద్దరి ఎలక్ట్రిక్ పియానోలు, రెండు బేస్‌లు కలిసి సాంద్రమైన నాదాన్ని నిర్మిస్తాయి. మైల్స్ పాఠంలో ఒకే వెలుగులో కనిపించిన స్వరధార ఇక్కడ మారుతున్న కార్డుల వల్ల క్షణక్షణానికీ వేరే రంగు సంతరించుకుంటుంది. ఆ ఆల్బమ్ అట్టపై ప్రశంసావాక్యాలు రాసినది మైల్స్ డేవిస్ కావడం గమనార్హం. ఇద్దరి మధ్య ఉన్నది వైరం కాదు, ఒకే రచనపై రెండు దృష్టుల భేదం.

ఈ రెండు పాఠాల విషయంలో రెండు సులభమైన తీర్పులు సాధ్యం. మైల్స్ పాఠమే గొప్పది, ఎందుకంటే అనవసరమైనదాన్ని తీసివేసి రచన ఆత్మను బయటపెట్టింది అన్నది ఒకటి. కర్త సమ్మతించినదే అసలు పాఠం, మైల్స్ పాఠం కేవలం రూపాంతరం అన్నది మరొకటి. రెండింటికీ పరిమితులు ఉన్నాయి. మొదటి తీర్పు, తీసివేయడానికి ముందు అక్కడ ఉన్నదేమిటో పట్టించుకోదు. ఆ స్వరధార ఒకే ఆధారస్వరంపై నిలవగలిగిందంటే దాని నిర్మాణంలోనే ఆ బలం ఉందని గుర్తించాలి. రెండవ తీర్పు, కర్త తొలి ఉద్దేశానికి ఎన్నటికీ మారని అధికారాన్ని కట్టబెడుతుంది. 1971 పాఠాన్ని శ్రద్ధగా వింటే ఆ వాదన నిలవదు. అందులో కార్డులు తిరిగి వచ్చాయి గానీ, అభ్యాసపాఠంలోని స్పష్టమైన లయ తిరిగి రాలేదు. ఇక్కడ కూడా స్వరధార తాళానికి కట్టుబడకుండా విడిగా సాగుతుంది. అంటే కార్డుల విషయంలో తన మూలానికి కట్టుబడిన స్వరకర్త, నడక విషయంలో మైల్స్ పాఠానికి దగ్గరగానే ఉన్నారని భావించవచ్చు. కర్త పాఠం కూడా మార్పుచేసినవాడి పాఠాన్ని విన్న తరువాత రూపొందినదే.

5. వెదర్ రిపోర్ట్ - పాఠంపై అధికారం:

1970 చివరలో జావినుల్, వేన్ షార్టర్, బేస్ వాదకుడు మిరొస్లావ్ విటూష్ కలిసి 'వెదర్ రిపోర్ట్' బృందాన్ని స్థాపించారు. 1971 నుంచి 1986 వరకు సాగిన ఈ బృందం చరిత్రను, తన రచన తుది రూపాన్ని తానే నిర్ణయించుకోవాలనే జావినుల్ ప్రయత్నంగా కూడా చదవవచ్చు.

ఆయన రచనా పద్ధతి ఇందుకు ముఖ్యమైన ఆధారం. జావినుల్ టేపు రికార్డరును నడుస్తూ ఉంచి మనోధర్మంతో వాయించేవారు. తరువాత ఆ టేపును విని, నచ్చిన భాగాలను స్వరాలుగా రాసుకొని బృందానికి ఇచ్చేవారు. సాధారణంగా జాజ్‌లో రాసిన రచన ముందు, మనోధర్మం తరువాత. ఇక్కడ క్రమం తలకిందులైంది. మనోధర్మమే రచనకు మూలప్రతి అయింది. మసేరో టేపుపై కత్తెరతో చేసిన ఎంపికను జావినుల్ కలంతో చేశారని చెప్పవచ్చు. మైల్స్ స్టూడియో నేర్పిన పాఠాన్ని ఆయన తిరస్కరించలేదు, తన చేతిలోకి తీసుకున్నారు.

రెండవ ఆధారం నాదం. ఆర్ప్ 2600, ఓబర్‌హైమ్ వంటి సింథసైజర్లతో ఆయన పనిచేసిన తీరు వాటిని పియానోకు ప్రత్యామ్నాయంగా కాక కొత్త వాద్యాలుగా నిలిపింది. 'బ్లాక్ మార్కెట్' (1976) రచనకోసం ఆయన సింథసైజర్ మెట్ల క్రమాన్ని విద్యుత్ పద్ధతిలో తారుమారు చేశారు. కుడివైపుకు వెళ్లేకొద్దీ స్వరం హెచ్చడానికి బదులు తగ్గుతుంది. చిన్ననాటి నుంచి వేళ్లకు అలవాటైన దారులు మూసుకుపోవడంతో వాదకుడు చెవిపైనే ఆధారపడవలసి వచ్చింది. పియానో వాదకుడి శిక్షణనే అడ్డంకిగా భావించి దానినుంచి తప్పించుకొనే మార్గాన్ని పరికరంలోనే నిర్మించుకోవడం ఆయన ప్రత్యేకత.

ఈ రెండు మార్గాలు 'హెవీ వెదర్' (1977) ఆల్బమ్‌లోని 'బర్డ్‌లాండ్'లో కలిశాయి. న్యూయార్క్‌లోని ప్రసిద్ధ జాజ్ క్లబ్బు పేరుపెట్టుకున్న ఈ రచనలో సుదీర్ఘమైన ఏకవ్యక్తి మనోధర్మం దాదాపు లేదు. చిన్నచిన్న ఖండికలు ఒకదాని తరువాత ఒకటి వచ్చి, పెద్ద వాద్యబృందం వాయిస్తున్నట్లు సింథసైజర్ నాదంతో పొంగుతాయి. ప్రారంభంలో వినిపించే స్వరధార జాకో పాస్టోరియస్ బేస్ గిటార్‌పై పలికించినది. 1979లో మ్యాన్‌హట్టన్ ట్రాన్స్‌ఫర్ బృందం జాన్ హెండ్రిక్స్ రాసిన పదాలతో దీనిని పాడింది. 1989లో క్విన్సీ జోన్స్ తన 'బ్యాక్ ఆన్ ది బ్లాక్' ఆల్బమ్‌లో చేర్చుకున్నారు.

6. విమర్శ - మారిన స్థానాలు:

వెదర్ రిపోర్ట్ గురించి విమర్శకులు తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటుంది. తొలినాళ్లలో అందరూ కలిసి అల్లే మనోధర్మంగా ఉన్న సంగీతం క్రమంగా జావినుల్ ఒక్కరి సంగీతంగా మారిందని, షార్టర్ వంటి మహాస్రష్ట పక్కకు తప్పుకున్నారని వారి వాదన. 'స్వీట్‌నైటర్' (1973)లో బృందం స్థిరమైన లయవైపు మళ్లింది. ఆ తరువాత విటూష్ బృందాన్ని విడిచారు.

రచనల లెక్క మాత్రమే చూస్తే ఈ ఫిర్యాదు పూర్తిగా నిలవదు. 'హెవీ వెదర్'లోని ఎనిమిది అంశాలలో జావినుల్‌వి మూడు, షార్టర్‌వి రెండు, పాస్టోరియస్‌వి రెండు, తాళవాద్యకారులది ఒకటి. అయితే ఆ ఆల్బమ్‌కు నిర్మాత జావినుల్, సహనిర్మాత పాస్టోరియస్. ఎవరి రచన అయినా అది ఏ నాదంతో శ్రోతకు చేరాలన్న నిర్ణయం చాలావరకు జావినుల్‌దే. 1969లో మైల్స్ కూర్చున్న స్థానంలో 1977 నాటికి జావినుల్ కూర్చున్నారు. తన కార్డులు తొలగించారని బాధపడిన స్వరకర్త, ఇతరుల రచనలకు తుది రూపం నిర్ణయించే స్థితికి వచ్చారు. ఇది ఆయన వ్యక్తిత్వదోషంగా కంటే, స్టూడియోపై ఆధారపడిన సంగీతం స్వభావంగా చూడడం సముచితం. అటువంటి సంగీతంలో స్వరాలను రాయడం కర్తృత్వంలో ఒక భాగం మాత్రమే. వాటి నాదాన్ని, క్రమాన్ని, నిడివిని నిర్ణయించడం మిగిలిన భాగం.

ఈ మార్గం విమర్శను ఎదుర్కోకపోలేదు. 1978లో వచ్చిన 'మిస్టర్ గాన్' ఆల్బమ్‌కు డౌన్‌బీట్ పత్రిక ఒకే ఒక నక్షత్రం ఇచ్చింది. అంతకుముందు బృందాన్ని నెత్తిన పెట్టుకున్న పత్రికే ఇలా తీర్పు చెప్పడం సంచలనమైంది. మరుసటి ఏడాది వచ్చిన '8:30' ఆల్బమ్ గ్రామీ పురస్కారం పొందింది. ఆ ఆల్బమ్‌లో 'ఇన్ ఎ సైలెంట్ వే' మళ్లీ కనిపిస్తుంది. ఈసారి బృందం లేదు, డ్రమ్స్ లేవు. 1969 నాటి స్టూడియోలో ఉన్న జావినుల్, షార్టర్ ఇద్దరే వేదికపై వాయించారు.

7. మలిదశ - ప్రభావం:

వెదర్ రిపోర్ట్ ముగిసిన తరువాత 1988 ప్రాంతంలో జావినుల్ 'జావినుల్ సిండికేట్' బృందాన్ని నెలకొల్పారు. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా దేశాల కళాకారులు ఇందులో పాల్గొన్నారు. ముంబయికి చెందిన తాళవాద్య విద్వాంసుడు త్రిలోక్ గుర్తూ వారిలో ఒకరు. మాలి దేశ గాయకుడు సలీఫ్ కీతా 'ఆమెన్' (1991) ఆల్బమ్‌కు జావినుల్ నిర్మాత. డాన్యూబ్ నదిపై సింఫనీ రచించారు. 1998లో ఆస్ట్రియాలోని మౌట్‌హౌసెన్ నాజీ నిర్బంధ శిబిరం స్థలంలో మృతుల స్మృత్యర్థం రూపొందించిన రచనను వినిపించారు.

ఆయన ప్రభావాన్ని మూడు విధాలుగా గుర్తించవచ్చు. మొదటిది, సింథసైజర్‌ను వ్యక్తిగత ముద్ర ఉన్న వాద్యంగా నిలపడం. రెండవది, రచనకు, మనోధర్మానికి మధ్య గీతను చెరిపివేయడం. మూడవది, రికార్డును కొత్త రచనలకు ముడిసరుకుగా మార్చే సంస్కృతిలో ఆయన సంగీతం పొందిన స్థానం. 'మిస్టర్ గాన్'లోని 'యంగ్ అండ్ ఫైన్' నుంచి ఒక భాగాన్ని హిప్-హాప్ బృందం ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ 1991లో 'బటర్' పాటలో వాడుకుంది. పత్రిక ఒక్క నక్షత్రంతో సరిపెట్టిన ఆల్బమ్ తరువాతి తరానికి మూలద్రవ్యం అయింది. మసేరో కత్తెర మొదలుపెట్టిన పని ఇక్కడ మరో రూపంలో కొనసాగింది.

పరోక్షమైన మరో ధార మన ప్రాంతాన్ని తాకుతుంది. 1969లో 'ఇన్ ఎ సైలెంట్ వే' తొలి స్వరాలను గిటార్‌పై పలికించిన మెక్‌లాఫ్లిన్, 1970లలో భారతీయ విద్వాంసులతో 'శక్తి' బృందాన్ని నడిపారు. దాని మలిరూపమైన 'రిమెంబర్ శక్తి'లో పాలకొల్లులో జన్మించిన మాండలిన్ యు. శ్రీనివాస్ భాగస్వామి. ఇది జావినుల్ నుంచి నేరుగా వచ్చిన ప్రభావం కాదు. కానీ భిన్న సంప్రదాయాల కళాకారులు ఒక గదిలో కూర్చొని ఒకరి రచనను మరొకరు మార్చుకోగలిగే వాతావరణం ఆ కాలపు ప్రయోగాల ఫలమే.

2005లో వియన్నాలో తన సొంత క్లబ్బు 'బర్డ్‌లాండ్'లో జర్మనీకి చెందిన డబ్ల్యూ.డి.ఆర్. పెద్ద వాద్యబృందంతో జావినుల్ చేసిన కచేరీలు 'బ్రౌన్ స్ట్రీట్' ఆల్బమ్‌గా వచ్చాయి. అందులోనూ 'ఇన్ ఎ సైలెంట్ వే' ఉంది. 2007 సెప్టెంబరు 11న ఆయన వియన్నాలోనే మరణించారు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి.

'ఇన్ ఎ సైలెంట్ వే'కు ఏక ప్రామాణిక పాఠం లేదు. 1969 నాటి అభ్యాసపాఠం, మైల్స్ ప్రచురిత పాఠం, 1971 నాటి కర్త పాఠం, 1979 నాటి ద్వయ పాఠం, 2005 నాటి బృంద పాఠం - వీటిని ఒకే రచన చరిత్రగా కలిపి చదవాలి. వీటిలో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా జావినుల్‌కో, మైల్స్‌కో అన్యాయం జరుగుతుంది.

ఫ్యూజన్ అంటే రెండు శైలుల మిశ్రమం అనే నిర్వచనం అసంపూర్ణమైనది. స్వరకర్త, నాయకుడు, వాదకుడు, నిర్మాత అనే పాత్రల మధ్య సరిహద్దులు కరిగిపోవడం కూడా ఫ్యూజన్ లక్షణమే. శైలుల కలయికకంటే ఈ పాత్రల కలయికే ఆ సంగీతాన్ని అంతకుముందరి జాజ్ నుంచి వేరుచేసింది.

మన గ్రంథపరిష్కర్తలు కవి పాఠాన్ని అన్వేషించేటప్పుడు చేతులు మారడాన్ని ఎక్కువగా నష్టంగానే భావించారు. జావినుల్ రచనల చరిత్ర మరొక కోణం చూపుతుంది. చేయి మారిన పాఠం కర్తకు తన రచనను కొత్తగా వినిపించగలదు. కాబట్టి ప్రదర్శన కళలపై పరిశోధన చేసేవారు అసలు పాఠం ఏది అని అడగడంతోపాటు, ప్రతి పాఠంలో ఏ నిర్ణయం ఎవరిది, ఆ నిర్ణయానికి పేరు ఎవరికి దక్కింది అని కూడా అడగాలి. ఈ రెండవ ప్రశ్న వేసినప్పుడే జావినుల్ వంటి స్వరకర్తలకు చరిత్రలో న్యాయమైన స్థానం లభిస్తుంది.